టోపీ దీపం

ఇల్లందు బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్లో లాప్‌టాప్ ఉంది. అందులో సూర్యుడి ఫొటో, దాని మీద ఒక మచ్చ. టెలిస్కోప్ తీసిన ఫొటోలు సరిచేయడం తన పని అని చెప్పింది.

"ఈ మచ్చ నిజంగ ఇంకా నల్లగ ఉంటది కాకా. చుట్టూ ఉన్న వెలుగు టెలిస్కోప్‌ లోపల చెదిరి దీని మీద పడ్డది. అది ఎంతో లెక్కగట్టి తీసేస్తే అసలు నలుపు కనబడ్తది."

"వెలుగు తీసేస్తేనే కనబడ్తదా బిడ్డా?" అన్నాను.

"అవ్. నాతోని మాట్లాడుకుంట అటు చూస్తరేంది కాకా?"

నాకు నవ్వొచ్చింది. నేను పనిచేసిన బొగ్గుబాయిలో, గని చీకట్లో, మా టోపీలకు దీపాలుండేవి. ఎదుటివాడి కళ్లలో వెలుగు కొట్టకుండా తల పక్కకు తిప్పి మాట్లాడటం అక్కడి మర్యాద. రిటైరైనా ఆ అలవాటు నా మెడను వదల్లేదని చెప్పాను.

"ఇప్పుడు దీపం లేదు గద," అంది మెల్లగా.

టేకులపల్లిలో దిగి ఇంటికి వెళ్లాను. నా భార్య చాయ్ ఇస్తూ ఏదో అడిగింది. అలవాటుగా గోడ వైపు తిరిగిన తలను ఇటు తిప్పి, ఆమె ముఖం చూస్తూ జవాబిచ్చాను. ఆమె కళ్ల కింద అంత నలుపు ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు.

"ఏందయ్యా, గట్ల చూస్తున్నవ్?" అని ఆమె తల పక్కకు తిప్పుకుంది.