పత్తికట్టె మిఠాయి పెట్టెలు

పత్తి తీతలు అయిపోయాక మా చేలలో మిగిలిన కట్టెను పీకి తగలబెట్టేవాళ్లు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో, ఆ కట్టెతో మిఠాయి పెట్టెలు చేయాలని నాకు బుద్ధి పుట్టింది. ప్లాస్టిక్ కవర్లను అందరూ తిడుతున్నారు, నేనైతే చేసి చూపిస్తానని నా గొప్ప. ప్రాజెక్టులో నాకు జత నా స్నేహితురాలు. వాళ్ల నాన్నగారికి గుంటూరులో మిఠాయి కొట్టు ఉండేది.

కట్టెను సున్నపు నీళ్లలో ఉడికించి, కడిగి, గుజ్జు చేయడం ఆమె పని. ఆ గుజ్జును అట్టలుగా పరిచి ఆరబెట్టడం నా పని. నిజానికి అది మా అమ్మ నెత్తిన పడింది. నల్లపాడు అవతల మా ఊళ్లో, మిరపకాయలు ఎత్తేసిన కళ్లంలో, ఆ కాయలు ఆరిన పట్టా మీదే అమ్మ ఒక్కో అట్టను తిప్పి తిప్పి ఎండబెట్టింది. అమ్మా నేనూ వాసన చూశాం. ఏమీ లేదనుకున్నాం.

పెట్టెలను కొట్లో వాడి చూపించాలని మా సారు షరతు పెట్టారు. వాళ్ల నాన్నగారు ఒకరోజు మైసూరుపాకు వాటిలోనే పెట్టి అమ్మారు. మర్నాడు పొద్దున్నే ఒకాయన పెట్టె పట్టుకుని వచ్చాడు.

"ఏవండీ, మైసూరుపాకులో కారం కలిపారా? మా పిల్ల నోరు మండి ఏడుస్తోంది."

నాన్నగారు అతనికి మరో మిఠాయి ఇచ్చి పంపారు. మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. సంగతి తెలిసి సారు మాత్రం ఊరుకోలేదు, క్లాసులో అందరి ముందూ కారణం అడిగారు. నాకు ముక్కు మీద కోపం. "సున్నం సరిగ్గా కడగలేదు సార్. అది తన పని" అనేశాను. ఆమె తల వంచుకుంది. ఆమెకు మార్కులు తగ్గాయి, నాకు తగ్గలేదు.

రెండు వారాల తర్వాత ఇంట్లో మిగిలిన అట్టను చించి, అదే చేత్తో కన్ను తుడుచుకున్నాను. భగ్గున మండింది. ఏడాది పొడుగునా మిరపఘాటులో బతికే మా ముక్కులకు ఆ వాసన ఎలా తెలుస్తుంది? అప్పటికప్పుడు బస్సెక్కి వాళ్లింటికి వెళ్లి చెప్పాను.

"తెలుసే. ఆ రోజే పెట్టె చించి చూశాను. అట్టలో మిరపగింజ ఉంది" అంది.

"మరి సారు ముందు నోరెత్తలేదేంటే?"

"మీ అమ్మ నడుం పడిపోయేలా చేసింది. ఆమె వల్లే చెడిందని అంతమందిలో ఎలా చెప్పను?"

తల కొట్టేసినట్టయింది. మర్నాడే సారు దగ్గరికి వెళ్లి తప్పు నాదని ఒప్పుకున్నాను. మార్కులు యూనివర్సిటీకి పంపేశానని, ఇక మార్చడం కుదరదని ఆయన అన్నారు. బయటికొచ్చి ఆ మాటే ఆమెకు చెప్పాను. ఆమె మార్కుల సంగతి పట్టించుకోలేదు.

"అమ్మ పేరు ఎత్తలేదు కదా?" అంది.

"లేదే. నేనే ఆరబెట్టానన్నాను" అని చెప్పి, ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను.