తులసి కషాయంలో వెండి

రాజోలు దగ్గర ఒక కాలేజీలో నేను గాజుసామాను కడిగేదాన్ని. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్న నాకు అప్పటిదాకా చదువుకున్నవాళ్ళంటే భయం. ఆ భయం పోగొట్టింది అక్కడ మొక్కల శాస్త్రం చెప్పే మేష్టారే.

ఆయన దగ్గర ఎమ్మెస్సీ అమ్మాయి ఒకతె ప్రాజెక్టు చేస్తుండేది. తులసాకులు మరిగించి, వడకట్టి, ఆ కషాయాన్ని వెండి మందు కలిపిన నీళ్ళలో పోస్తే, కంటికి ఆనని వెండి నలుసులు పుట్టి నీళ్ళు డికాషన్ రంగుకు తిరుగుతాయి. పుళ్ళకు చీము పట్టించే క్రిములు వాటికి చస్తాయట. ఆమెకు అంతకుముందు బాగానే కుదిరింది. ఆఖరిసారి కూడా కుదిరితే మేష్టారు ఆమె రికార్డు పుస్తకంలో సంతకం పెడతారు. సంతకం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు.

అంతలో ఆ అమ్మాయి బయటున్న రోజున తులసి కోసిందని ఎవరో ఆయన చెవిన వేశారు. ఇక మేష్టారు తనే స్నానం చేసి ఆకులు కోశారు. డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ ఎవరు ముట్టుకున్నారోనని ఇంటి బావి నీళ్ళు మడిగా తోడి తెచ్చి, వాటిలో మరిగించారు. వెండి మందులో పోయగానే పాలు విరిగినట్టు తెల్లగా ముద్దకట్టింది.

"నువ్వు గుమ్మంలో నించున్నావు, ఇలా ఏడిసింది. సంతకం పెట్టనమ్మా," అన్నారు.

"మీ బావి నీళ్ళల్లో ఉప్పుందండి. ఉప్పు తగిలితే వెండి మందు విరిగిపోద్దండి," అందామె.

"మా తాతగారి నాటి నుంచీ దేవుడికి అభిషేకం చేస్తున్న నీళ్ళకి వంక పెడతావా?"

ఉప్పనే కదా వాళ్ళింట్లో కాఫీకి కుళాయి నీళ్ళు పట్టుకునేది. దేవుడు నోరు విప్పడు కాబట్టి ఆయనకు బావివే.

"ఆకు లేకుండా ఉత్త బావి నీళ్ళే పోసి చూడండి," అందా అమ్మాయి.

"నువ్వుండగా ఏం పోసినా అంతే."

నాకు ఒళ్ళు మండింది. "అమ్మాయిగారిని బయటికి పంపండి బాబుగారు, నేను పోస్తానండి. నాకు ముట్టు ఆగిపోయి చాన్నాళ్ళయిందండి."

ఆయన గోడకేసి తిరిగారు. నేను పోశాను. తెల్లబడింది.

"ఇప్పుడెవరి మైలండి? మీరూ నేనే ఉన్నాం."

"సరేలే, డబ్బా నీళ్ళతోనే చేసుకోమను. నేను వరండాలో ఉంటాను."

క్రిముల్ని చంపే చదువు చదివిన మనిషి కిటికీ అవతల నిలబడి, "రంగొచ్చిందా?" అని అడుగుతుంటే, లోపలి నుంచి ఆ అమ్మాయి, "వస్తోందండి," అంటోంది. మర్నాడు క్రిములు పెంచిన పళ్ళెంలో ఆ నీళ్ళ చుక్క వేసిన చోటల్లా క్రిములు చచ్చి తేటగా వలయం కట్టింది. అదీ ఆయన ఊచల్లోంచే చూశారు.

"పుస్తకం కిటికీ గట్టు మీద పెట్టి దూరం జరుగు," అన్నారు.

జరిగింది. ఊచల సందున చెయ్యి దూర్చి పేజీ తిప్పితే గాలికి ఇంకో నాలుగు తిరిగాయి. మోచేత్తో నొక్కారు, కలం జారింది. కాసేపు అలా అవస్థ పడి, ఆమె మొహం చూడకుండా, "కాస్త ఆ చివర పట్టుకోమ్మా," అన్నారు.

పట్టుకుంది. సంతకం పెట్టారు.