నా చేతి వాచీలో నేస్తం నడక

కిందటేడాది నవంబరు పద్నాలుగు, గురువారం, మధ్యాహ్నం రెండు గంటల ఐదు నిమిషాలకు ఇది మొదలైంది. ముప్పై ఒక్క ఏళ్ళు రైల్వే బుకింగ్ కౌంటర్లో కూర్చున్నదాన్ని కాబట్టి టైము విషయంలో నాకు పొరపాటు రాదు. దయ్యమనీ, గాలి సోకిందనీ ఎవరైనా మా ఇంట్లో మొదలుపెడితే, టీ తాగి వెళ్ళండని చెప్పే రకాన్ని. దయ్యాలున్నాయని ఇప్పుడూ అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది చీపురుపల్లి. ఇంట్లో మా వారూ నేనూ ఉంటాం. నా నేస్తానిది కళింగపట్నం.

మా వైపు నేస్తం కట్టడం అనే ఆచారం ఉంది. ఇద్దరు ఆడపిల్లల మధ్య స్నేహం కుదిరిందనుకుంటే పెద్దవాళ్ళు వాళ్ళకు బొట్టు పెట్టించి, గాజులూ బట్టలూ మార్పించి నేస్తం కడతారు. కులం అడ్డు రాదు. ఆ రోజు నుంచి వాళ్ళు ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, నేస్తం అనే పిలవాలి. పెళ్ళికీ చావుకీ సొంత మనిషి కింద లెక్క. నా నేస్తం వాళ్ళమ్మ ఎండు చేపల గంపతో మా ఊరి సంతకు వచ్చేది. ఎండ తగ్గేదాకా మా అరుగు మీద కూర్చునేది. అలా మాకు పదకొండో ఏట నేస్తం కట్టారు. యాభై తొమ్మిదేళ్ళలో ఆమె పేరు నా నోట రాలేదు. ఇక్కడ కూడా రాయను.

సెప్టెంబరులో నాకు షుగరు పెరిగిందని డాక్టరు రోజూ నడవమన్నాడు. నడకను కొలిచే వాచీ కొనుక్కున్నాను. అడుగులు, గుండె కొట్టుకోవడం, నిద్ర అన్నీ చూపిస్తుంది. వారం తిరిగేసరికి నేను దాని మనిషినైపోయాను. పొద్దున్నా సాయంత్రమూ స్టేషను ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేదాన్ని. కుక్కరు కూతలు వేసేలోగా వంటింట్లో అటూ ఇటూ తిరిగేదాన్ని. పడుకోబోయే ముందు పదివేలకు ఇంకా నూట ముప్పై తక్కువుందని మంచం చుట్టూ తిరిగిన రోజులున్నాయి. ఒక పెళ్ళిలో వాచీ చార్జింగుకి పెట్టి మర్చిపోయి వెళ్ళాను. అక్కడ నడిచిందంతా దండగ అనిపించి, కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

మా వారు ఊరుకుంటారా? "ఒసే, నీకు మొగుడు నేనా, ఆ వాచీయా? దాన్ని సూసినట్టు నన్నొక్కసారి సూడు, నాను కూడా బేగి నడుత్తాను" అనేవారు.

ఒక్కదాన్నే నడిస్తే పోటీ ఏముంటుంది? అక్టోబరులో అలాంటి వాచీయే ఇంకోటి కొని కళింగపట్నం తీసుకెళ్ళాను. నేస్తం కోడలు నూకరత్నం రెండు వాచీలనూ ఫోన్లలో ఎక్కించింది, ఇద్దరి లెక్కలూ ఇద్దరికీ కనబడేటట్టు. వాళ్ళత్త వాచీకి పేరేం పెట్టాలని నన్ను అడిగితే నేస్తం అన్నాను. నేను కాళ్ళు కడుక్కుని వచ్చేలోగా నా వాచీకి పేరు వాళ్ళత్తని అడిగింది. ఆవిడా నేస్తం అనే చెప్పింది. ఫోనులో ఒకదాని కింద ఒకటి రెండు నేస్తాలు.

"ఇద్దరికీ ఒకటే పేరైతే ఫోనుకి పిచ్చెక్కుతాది అత్తా" అంది నూకరత్నం.

"ఎక్కనీయే. మాకెక్కి అరవై ఏళ్ళవుతాది" అంది నేస్తం.

ఆమె పని సముద్రపొడ్డున. పడవలొచ్చాక నెత్తళ్ళనే సన్న చేపలు కొని ఇసకలో వలల మీద ఆరబోస్తుంది. మధ్యాహ్నం వాటిని తిరగేసి, కర్ర పట్టుకుని కాకుల్నీ కుక్కల్నీ తోలుతూ వంశధార సముద్రంలో కలిసే చోటుదాకా తిరుగుతుంది. ఇక నేను ఆమెను గెలిచేదెలా? రోజూ ఓడిపోయేదాన్ని. ఓడినందుకు కోపమొచ్చి ఇంకా నడిచేదాన్ని.

నవంబరు పద్నాలుగున భోజనం చేసి, ఎప్పటిలాగే హాల్లో మంచం మీద నడుం వాల్చాను. కల వచ్చింది. కల అనడానికి అందులో జరిగిందేమీ లేదు. తెల్లటి వెలుతురులో నడుస్తున్నాను. కాలు వేసిన చోటల్లా ఇసక మెత్తగా లోపలికి దిగుతోంది. ఒక పక్క నీళ్ళు బురద రంగు, ఒక పక్క నీలం, రెంటి మధ్య గీత కదులుతోంది. సముద్రం ఉంది గానీ చప్పుడు లేదు. నా ఎడం చేతిలో కర్ర ఉంది. ఎంత హాయిగా ఉందంటే, మెలకువ వచ్చాక కూడా కాసేపు కళ్ళు తెరవలేదు.

లేచి అలవాటుగా వాచీ చూశాను. రెండూ ఐదు నుంచి మూడుంపావు దాకా రెండువేల నాలుగువందల పైచిలుకు అడుగులు. గుండె నూట పది దాకా కొట్టుకుంది. మా వారు ఎదురుగా కుర్చీలో పేపరు చదువుతున్నారు. నేను లేచి తిరిగానా అని అడిగాను.

"కాలు గూడా కదపనేదు. మద్దెలో గురక మాత్రం పెట్టినావు" అన్నారు.

ఆ సాయంత్రం నేస్తం ఫోను చేసింది. "ఓలమ్మా నేస్తం, నాను కాళ్ళరిగేలాగ తిరుగుతుంటే ఈ వాసీ నన్ను తొంగున్నానంటాదేటి? గంట పైగా నిద్దరోయినానంట! నాకంటే బద్దకంది ఇచ్చినావు నువ్వు."

ఫోనులో చూశాను. నిజమే. అదే టైములో ఆమె లెక్కలో ఒక్క అడుగు లేదు. గుండె అరవై రెండు, గాఢ నిద్ర. పేర్లు రెండూ ఒకటే కావడంతో లెక్కలు తారుమారయ్యాయి, అంతే అనుకున్నాను. అయినా సరిచేయించలేదు. ఆ రోజు మొదటిసారి నేను గెలిచాను మరి.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పడుకుంటే చాలు, ఇసక, వెలుతురు, నడక. కలలో నా కుడి మోకాలు నొప్పిగా ఉండేది. నాకున్నది ఎడం మోకాలి నొప్పి. మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని పొద్దుట్నుంచీ ఎదురుచూసేదాన్ని. భోజనం పెందలాడే పెట్టేసేదాన్ని. నిద్రపోయి అడుగులు సంపాదించే మనిషి ఈ లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

నేస్తానికి చెబితే పగలబడి నవ్వింది. "అయితే నా కాళ్ళ మీద టిక్కెట్టు నేకుండా తిరుగుతన్నావన్నమాట! రైలోల్ల బుద్ది ఎక్కడికి పోతాది?" తర్వాత ఇంకో మాట అంది. "ఏటో గాని నేస్తం, ఈమద్దెన మద్దేనాలు నాకు అలుపే రాట్లేదు. ఇదివరకు నాలుగడుగులేత్తే గుండెల కాడ పట్టేసినట్టుండేది. ఇప్పుడు గాల్లో తేలినట్టు ఎలిపోతన్నాను."

గుండె దగ్గర పట్టేస్తుందని ఆమె అంతకు ముందెప్పుడూ నాతో అనలేదు. ఆసుపత్రిలో చూపించుకోమన్నాను. ఇప్పుడు లేదు కదా అంది.

డిసెంబరు ఒకటి, ఆదివారం, శ్రీకూర్మం గుడిలో కలుసుకున్నాం. నేను రెండు పరీక్షలు పెట్టాలనుకుని వెళ్ళాను. మొదటిది, పేర్లు తీయించడం. నూకరత్నం రెండింటినీ ఫోన్లలోంచి చెరిపేసి ఒకటి, రెండు అని మళ్ళీ ఎక్కించింది. రెండోది, వాచీలు మార్చుకోవడం. నాది ఆమెకు కట్టి ఆమెది నేను కట్టుకున్నాను. తప్పు పేరుదైనా, యంత్రానిదైనా దీంతో తేలిపోవాలి.

సోమవారం మధ్యాహ్నం పడుకున్నాను. అదే ఇసక. లేచి చూస్తే నా చేతికున్న వాచీలో నడక, ఆమె చేతికున్న వాచీలో నిద్ర. తప్పు వాచీల్లో లేదు.

ఆ వారం కల మారింది. వెలుతురు అదే, హాయీ అదే, కానీ నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగిపోతున్నాను. నీళ్ళ గీత కూడా ఆగుతోంది. శుక్రవారం నాడు గుండె నూట నలభై దాకా వెళ్ళి, ఒక్కసారిగా నలభై నాలుగుకు పడిపోయినట్టు వాచీ చూపించింది. సోమవారం పొద్దున్న విజయనగరంలో డాక్టరుకు చూపించుకున్నాను. ఈసీజీ తీశాడు, ఇంకేవో పరీక్షలు చేశాడు. మీ గుండెకు ఏమీ లేదమ్మా, ఆ వాచీ పక్కన పడేసి, మధ్యాహ్నం నిద్ర తగ్గించండి అన్నాడు.

నా గుండెకు ఏమీ లేకపోతే నలభై నాలుగు ఎవరిది? బస్టాండుకు రాగానే నేస్తానికి ఫోను చేసి, వెంటనే బయల్దేరి రమ్మన్నాను.

"నాకేటైనాదని? వాసీ సూడు, మద్దేనం గుండె సల్లగా కొట్టుకుంతన్నాదని సెప్తన్నాది. నువ్వు కట్టిన వాసీని నువ్వే నమ్మకపోతే ఎలగ?"

"అది నా గుండే నేస్తం. పడుకున్నది నేను."

"అయితే మంచి గుండే. కొన్నాల్లు నా కాడ ఉండనీ."

నాలుగు రోజులు పోట్లాడాను. చివరికి ఎండిన నెత్తళ్ళ గంపలు శ్రీకాకుళం పంపేశాక, పందొమ్మిదో తేదీ గురువారం వస్తానని ఒప్పుకుంది. నూకరత్నాన్ని పక్కనే ఉంచి ఒట్టు వేయించాను.

పదహారు, సోమవారం నాటి కలలో నేను ఇసకలో కూర్చుండిపోయాను. లేవాలనిపించలేదు. ఎండ, గాలి, దూరంగా తెల్ల పడవ ఒకటి. అంత సుఖంగా నేనెప్పుడూ లేను. మా వారు భుజం పట్టి కుదిపితే మెలకువ వచ్చింది. ఊపిరి తీయడం లేదేమోనని భయపడ్డారట.

"గురువారం దాకా పగలు పడుకున్నావంటే ఊరుకోను. ఆ డాక్టరు సెప్పినాడు గదా" అన్నారు. నాకూ అదే మంచిదనిపించింది. నేను చూడకపోతే ఆ కల దానంతట అదే పోతుందనుకున్నాను.

పదిహేడు, మంగళవారం, భోజనమయ్యాక పడుకోలేదు. కళ్ళు మూతలు పడుతుంటే మొహం కడుక్కుని, రెండు గంటలకు బియ్యం చేట ముందేసుకున్నాను. రెండున్నరకు టీ పెట్టాను. వాచీ చూస్తే నేను నిజంగా వేసిన అడుగులే ఉన్నాయి. గుండె డెబ్బై రెండు. హమ్మయ్య, పీడ విరగడైంది అనుకున్నాను.

మూడూ పదికి నూకరత్నం ఫోను చేసింది. "అత్తా, మా అత్త ఏటి కాడ ఇసకల కూకుండిపోనాది. పిలిత్తే పలకట్లేదు. మీరు బేగి రండి" అంటూ ఏడుస్తోంది.

మేం వెళ్ళేసరికి చీకటి పడింది. వాన మొదలైంది. ఇంటికి తెచ్చి చాప మీద పడుకోబెట్టారు. కర్ర పట్టుకునే ఎడం చేతికే వాచీ ఇంకా ఉంది. తియ్యడం ఎవరికీ తోచలేదు. ఫోనులో ఆమె లెక్క తెరిచాను. ఒంటిగంట నుంచి రెండూ నలభై దాకా మూడువేల చిల్లర అడుగులు. గుండె నూట ఇరవై, నూట నలభై, తర్వాత యాభై. రెండూ నలభై తర్వాత ఏమీ లేదు. గుడిలో కలిసిన ఆదివారం పోను, నవంబరు పద్నాలుగు తర్వాత మధ్యాహ్నం పూట ఎవరి లెక్క వాళ్ళ దగ్గరే ఉన్నది ఆ ఒక్కరోజే.

నేను పడుకుని ఉంటే ఆమె బతికేదని అనను. చాలా రోజుల నుంచే గుండె పాడై ఉంటుందని అక్కడికొచ్చిన డాక్టరు చెప్పాడు. అతను చెప్పింది నాకు అర్థమయ్యింది, నమ్మాను కూడా. అయినా ఆ ఆదివారం పోను ముప్పై రెండు మధ్యాహ్నాలు నేను పడుకున్నాను, ముప్పై రెండు మధ్యాహ్నాలూ ఆమె అలుపు లేకుండా నడిచింది. ముప్పై మూడో మధ్యాహ్నం నేను మెలకువగా ఉన్నాను. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా తప్పు దొరకలేదు. దానికి అర్థమేమిటో కూడా దొరకలేదు.

ఆచారం ప్రకారం నేనూ మైల పట్టాను. తర్వాత వాచీ కట్టుకోలేదు.

పోయినవి ఇవి: నా నేస్తం, వయసు డెబ్బై. ఆ సాయంత్రం ఎత్తేవాళ్ళు లేక వానకు తడిసిపోయిన నెత్తళ్ళు, రెండు గంపలు. నా మధ్యాహ్నం నిద్ర.