స్వర్ణకు సారిచ్చిన సలహా

మెంటార్ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా ఉప్పల్ డిగ్రీ కాలేజీలో శనివారం మధ్యాహ్నం దానికో గంట ఉండేది. ఏం చదవాలి, ముందు ఎటు పోవాలి అని సార్లు మాకు దారి చూపాలట. మా మెంటార్ వెంకటరామయ్య సారు కుర్చీలో కూలబడి, ఐడీ కార్డు మెళ్లో ఎందుకు లేదని కసిరేవాడు. తర్వాత, వచ్చే ఏడాది మా గ్రూపులో చేర్చడానికి జూనియర్లను పట్టుకురమ్మని ప్రాణం తీసేవాడు. ఛీ, అదీ సలహా! మేం వెనక బెంచీలో అంత్యాక్షరి ఆడుకునేవాళ్లం.

నా దోస్తు స్వర్ణలత మాత్రం ఆ గంటను నమ్మింది. వాళ్ల నాన్న హన్మయ్య జనగామ వైపు నుంచి వచ్చి, నాచారం మందుల కంపెనీలో డ్రమ్ములు దొర్లించేవాడు. ఆయనకు టిఫిన్ ఇవ్వడానికి పోయినప్పుడల్లా, అద్దాల అవతల తెల్లకోట్లలో ఉన్న అమ్మాయిలను చూసేది. ఆ ల్యాబు ఉద్యోగం తప్ప ఇంకేదీ దాని కంటికి ఆనలేదు.

చేరిన కొత్తలో, గ్రూపు మార్చుకునే గడువు ఉండగానే సారును అడిగింది.

"సార్, నాకు నాచారం కంపెనీ ల్యాబుల జెయ్యాలని ఉంది. మన బయోటెక్నాలజీ గ్రూపుల కెమిస్ట్రీ లేదు గద. మారమంటరా?"

"పిచ్చిపిల్లా! బయోటెక్ అంటే మందులే కదమ్మా. కంపెనీలు ఎగబడి తీసుకుంటాయి. కదలకు."

కదల్లేదు. మా బయోటెక్ సెక్షన్ నిండకపోతే ఆయన నౌకరీ ఊడేదని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నిండింది మాతోనే.

రెండువేల ఏడులో డిగ్రీ అయిపోగానే అదే కంపెనీ ల్యాబుకు ఇంటర్వ్యూలు పెట్టింది. స్వర్ణకు తోడుగా నేనూ పోయాను. లోపలికి పోయినంత సేపు పట్టలేదు, బయటికొచ్చేసింది.

"ఏమైందే?"

"కెమిస్ట్రీ లేనోళ్లను ల్యాబుల తీస్కోరంట, మరియా. ప్యాకింగ్‌ల అయితే రమ్మన్నరు."

గేటు దగ్గర నీడలో వెంకటరామయ్య సారు! పక్కన మా వయసు అమ్మాయి, చేతిలో ఫైలు.

"ఏం స్వర్ణా, బాగున్నావా? మా అమ్మాయి పద్మశ్రీ. ల్యాబు ఇంటర్వ్యూకు తీసుకొచ్చా."

"ఏం గ్రూపు సార్?"

"కెమిస్ట్రీ. అంబర్‌పేట్ కాలేజీలో."

"మన కాలేజీల బయోటెక్‌ల ఎందుకు ఎయ్యలే సార్? మాతోని అదే సంవత్సరం డిగ్రీల చేరింది గద."

సారు కర్చీఫ్‌తో మెడ తుడుచుకున్నాడు. "పిల్ల ఇష్టం అమ్మా. మనం బలవంతం చేస్తే బాగుండదు కదా."

"నా ఇష్టం గూడ మీకు జెప్పిన గద సార్."

పద్మశ్రీ తండ్రి మొహంలోకి చూసింది. ఆయన గేటు వైపు తిరిగి, "పిలుస్తున్నట్టున్నారు, పద" అన్నాడు. నాకు అక్కడే థూ అని ఉమ్మేయాలనిపించింది.

సోమవారం పద్మశ్రీ ల్యాబులో చేరింది. అదే పొద్దున స్వర్ణ ప్యాకింగ్‌లో చేరింది.