సి షిఫ్టు ఇంట్లో మాట

భద్రాచలం అడవి అంచున ఉన్న ఒక కాగితం మిల్లులో 2003 ఎండాకాలంలో నేను వెల్ఫేర్ ఆఫీసర్‌గా చేరాను. పెద్ద ఫ్యాక్టరీల్లో ఈ పోస్టు చట్టప్రకారం ఉండి తీరాలి. పేరుకు ఆఫీసర్నే గానీ, ఎవరికీ పని పురమాయించే అధికారం లేదు. క్యాంటీన్‌లో పప్పు నీళ్లనీళ్లగా ఉందన్న ఫిర్యాదు నుంచి క్వార్టర్లలో కుళాయి తగాదా దాకా అన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. ఆడమనిషితో ఏం చెప్పుకుంటామని కార్మికులు మొదట్లో మొహమాటపడ్డారు. తర్వాత ఆ మొహమాటం ఎంతగా పోయిందంటే, ఇంటి గొడవలు కూడా తెచ్చి నా ముందు పెట్టేవారు.

దావీదు అలాగే వచ్చాడు. ఆయన చిప్పర్ హౌస్‌లో ఆపరేటర్. చిప్పర్ అంటే వెదురునూ జామాయిల్ దుంగలనూ ముక్కలుగా కొట్టే యంత్రం. దాని పక్కన నిలబడితే మన అరుపు మనకే వినబడదు. అక్కడివాళ్లు చేతి సైగలతోనే పని నడుపుతారు. పిడికిలి ఎత్తితే ఆపమని, అరచెయ్యి ఊపితే దుంగ వదలమని. చెవులు మూసుకోవడానికి మఫ్‌లు ఇచ్చేవారు. ఉక్కకు తాళలేక చాలామంది వాటిని మెడలో వేసుకుని తిరిగేవారు. దావీదూ అంతే.

కూతురు కరుణ పదో తరగతి పాసైందని, ఖమ్మంలో హాస్టల్ ఉన్న కాలేజీలో చేర్చి రావాలని చెప్పాడు. సెలవు కాగితం సెక్షన్ ఇన్‌ఛార్జి దగ్గరికి పోవాలి గానీ నా దగ్గరికి కాదు. అయినా ఇన్‌ఛార్జి అప్పటికే సెలవు ఇచ్చేశాడట. మరి నా ముందెందుకు కూర్చున్నట్టు? దగ్గర్లోనే కాలేజీ ఉండగా ఖమ్మం ఎందుకని అడిగాను.

"ఇంట్ల ఉన్నా లేనట్టే ఉంటది మేడం. ఏమడిగినా నోరిప్పదు. నా మొకం సూడబుద్ధి గాని పిల్లను ఇంట్ల పెట్టుకొని ఏం జెయ్యాలె?"

పిల్లకు వెళ్లడం ఇష్టమేనా అన్నాను. అడిగితే మాత్రం చెప్తదా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆ మాట అన్నాక ఆయన లేచి పోకుండా అక్కడే కూర్చోవడం కూడా గమనించాను.

మర్నాడు వాళ్ల క్వార్టర్‌కు వెళ్లాను. దావీదుకు ఆ వారం సి షిఫ్టు, అంటే రాత్రంతా పని, పగలు నిద్ర. సి షిఫ్టు వారంలో మా క్వార్టర్లలో ఏ ఇల్లయినా ఒక్క తీరుగానే ఉండేది. ఆయన భార్య ఎస్తేరు కుక్కర్ కూత పెట్టకుండా స్టవ్ పక్కనే కాచుకుని నిలబడింది. కరుణ నన్ను చూసి పెదవులతోనే నమస్తే చెప్పి, స్టూలు ఈడ్చకుండా ఎత్తి తెచ్చి వేసింది. 'నాన్న పడుకున్నాడు, మెల్లగా' అన్న మాట వింటూ పెరిగిన పిల్ల. ఆయన మేలుకుని ఉన్నా ఆ ఇంట్లో ఎవరి గొంతూ పైకి లేవదు.

కాసేపటికి దావీదు లేచి వచ్చాడు. తొట్టి దగ్గర ముఖం కడుక్కుంటూ, మాకు వీపు పెట్టి, ఏ గ్రూపు తీసుకుంటావని కూతుర్ని అడిగాడు.

"బైపీసీ. నేను ఈడనే సదువుకుంట నాన్నా," అంది కరుణ.

నాకు స్పష్టంగా వినబడింది. దావీదు తువ్వాలుతో తుడుచుకుంటూ నావైపు తిరిగి, చూశారా అన్నట్టు చెయ్యి తిప్పాడు. కరుణ తల దించుకుని లోపలికి పోయింది. చెప్పినా పట్టించుకోలేదని ఆమె బాధ, అడిగినా పలకలేదని ఆయన బాధ. ఆయనకు ఆ మాట వినబడనే లేదని మధ్యలో కూర్చున్న నాకు తట్టింది.

మోత ఎక్కువున్న సెక్షన్లవారికి ఏటా డిస్పెన్సరీలో చెవి పరీక్ష చేసేవారు. చెవి మందగించిందని తేలితే చిప్పర్ నుంచి తీసేస్తారన్న భయంతో దావీదు ఏదో సాకు చెప్పి తప్పించుకునేవాడు. ముందు పరీక్ష, ఆ తర్వాతే ఖమ్మం అని గట్టిగా చెప్పాను. కరుణనూ వెంట రమ్మన్నాను.

పరీక్ష చాలా మామూలుగా ఉంటుంది. అద్దమున్న చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెడతారు. శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కాలి. శబ్దం పంపినప్పుడూ, మీట నొక్కినప్పుడూ బయట యంత్రం మీద చెరో దీపం వెలుగుతుంది. నేనూ కరుణా బయట నిలబడి చూస్తున్నాం. ముందు బొంగురు శబ్దాలకు రెండు దీపాలూ వెలిగాయి. శబ్దం సన్నబడేకొద్దీ ఒక్కటే వెలగసాగింది. దావీదు బొటనవేలు మీట మీదే పెట్టి, బుద్ధిగా ఎదురుచూస్తున్నాడు.

"నాన్నకు ఇనబడతలేదా మేడం?" అంది కరుణ. "గిన్ని రోజులు నేను జెప్పినయి గూడా?"

నేను జవాబు చెప్పేలోపే లోపల దావీదు హెడ్‌ఫోన్లు తీసి, తలుపు తెరిచి, మిషను ఆగిందా అని అడిగాడు.

"ఆగలే నాన్నా. నడుస్తనే ఉంది," అంది కరుణ గట్టిగా. డిస్పెన్సరీలో అందరూ తిరిగి చూశారు. అంత గొంతు ఆ పిల్లకు ఉందని నాకూ తెలియదు. దావీదు కూతురి ముఖంలోకి చూసి, అక్కడున్న బెంచీ మీద కూలబడ్డాడు. కరుణ ఆయన పక్కన కూర్చుని, ఇక్కడే చదువుకుంటానని ఇంకోసారి చెప్పింది. ఈసారి ఆయన తలూపాడు. నా కళ్లు తడిశాయని చెప్పడానికి సిగ్గు లేదు.

డాక్టరు సిఫారసుతో దావీదును అదే గ్రేడులో కలప యార్డుకు మార్చారు. పోయిన వినికిడి తిరిగి రాదని డాక్టరు ముందే చెప్పాడు. ఖమ్మం కోసం తీసుకున్న సెలవులోనే దావీదు కూతురితో దగ్గరి కాలేజీకి వెళ్లి అడ్మిషన్ లైన్‌లో నిలబడ్డాడు. ఆ తర్వాత ఇంట్లో ఏం అడగాలన్నా కూతురికి ఎదురుగా వచ్చి కూర్చుని, ఒక్క ప్రశ్న వేసి, జవాబు అయ్యేదాకా ఆగేవాడు. చిప్పర్ సైగలన్నీ ఆమెకు నేర్పాడు. వాళ్ల నాన్న సలహాలు ఎక్కువైనప్పుడు కరుణ పిడికిలి ఎత్తేదట. గొంతులు పెరిగాక తండ్రీకూతుళ్ల పోట్లాటలూ పెరిగాయని ఎస్తేరు నాతో మొరపెట్టుకుంది. అది మాత్రం నేను ఫిర్యాదుగా తీసుకోలేదు.

ఆ తర్వాత నా సర్వీసులో, పిల్లలు మాట్లాడటం లేదని చాలామంది తండ్రులు వచ్చారు. పిల్లల సంగతి తర్వాత అడిగేదాన్ని. పిల్లలు మాట్లాడేటప్పుడు నువ్వు ఎటు తిరిగి ఉంటావని ముందు అడిగేదాన్ని.