వెనక్కి నడిచే ఆంటీ

మొన్న మనవడు క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లంగనే, ఆ వాసనకు కాజీపేటల మా పాత గల్లీ గుర్తొచ్చింది. మా పక్కింటి అంకుల్, ఆంటీ హైదరాబాదు హోటళ్ళల్ల టాంగో అనే జంట డాన్సు చేసి బతికేటోళ్ళు. కాళ్ళు నున్నగ జారాలని ఇంట్ల గచ్చు మీద ఆ పౌడరే చల్లి ప్రాక్టీసు చేసేటోళ్ళు.

నాకప్పుడు ఏడేండ్లు. ఒకనాడు కిటికీలకెల్లి చూస్తే, అంకుల్ మొహం గంటు పెట్టుకొని ముందుకొస్తాండు, ఆంటీ కండ్లు మూసుకొని వెనక్కి పోతాంది. ఇంట్లకెల్లి వెళ్ళగొడుతాండనుకున్న. పడిపోతదని లోపలికి ఉరికి ఆమె వెనక నిలబడ్డ. నాకు తగలకముందే ఆంటీ టక్కున ఆగింది.

"నేనున్నట్టు ఎట్ల తెలిసింది ఆంటీ?"

"నాకేం తెల్వదు బిడ్డా. ఆయన ఆగిండు, నేనాగిన."

అంకుల్ చెయ్యి ఇంకా ఆమె వీపు మీదనే ఉంది. ఆంటీ నా దిక్కు వంగి, "అన్నం వండిన, తినుమని జర మీ అంకుల్‌కు చెప్పు. మూడు రోజులాయె, మాకు మాటల్లేవు" అన్నది.

నాకేం సమజ్ కాలె. జానెడు దూరంల ఉన్నాయనకు నేనెందుకు చెప్పాలె? అయినా చెప్పిన.

నలభై ఏండ్ల కాపురంల నేనూ మా ఆయనా ఒక్కనాడూ మాటలు బంద్ చెయ్యలే. ఆయన ఎక్కడ ఆగుతడో మాత్రం నాకు ఇప్పటికీ తెల్వదు.