పసుపు పాదాల పెట్టె

ఇనప్పెట్టె మూత ఎత్తగానే ముందు ఎండు వేపాకు చేదు వాసన, దాని వెనకే పాత నూలుగుడ్డ వాసన, ఆ రెండూ కాస్త సర్దుకున్నాక అట్టడుగు నుంచి మెల్లగా పసుపు వాసన వస్తుంది. పోయిన వారం పటమటలోని అమ్మమ్మ ఇంట్లో ఆ పెట్టె తెరిచాను. ఆ స్థలం అపార్టుమెంట్లకు ఇచ్చేశారు, నెలాఖరుకు ఇల్లు కూలగొడతారు. పెట్టెలో ఉన్నవి తెల్ల దుప్పట్లు. వాటి మీద మా వనజ పిన్నీ, ఆవిడ స్నేహితురాళ్ళూ ఆడిన ఆటల పసుపు పాదాలు. వాళ్ళ నాట్యానికి ఫోటోలు లేవు, వీడియోలు లేవు, ఉన్న ఆనవాలంతా ఆ పెట్టెలోనే ఉంది. అమ్మమ్మ లేదు కనుక, అది ఎక్కడికి చేరాలో నేనే తేల్చాలి.

పిన్ని చిన్నప్పుడు పామర్రులో నాట్యం నేర్చుకుందట. అడుగు తప్పితే మాస్టారు కర్రతో మడమ మీద కొట్టేవారట. ఒకరోజు ఆ కర్ర లాక్కుని కాలవలో పారేసి ఇంటికొచ్చేసింది. నాకు తెలిసేనాటికి ఆవిడ అమ్మమ్మ ఇంటి ముందుగదిలో జాకెట్లు కుట్టేది. కుట్టించుకోవడానికి వచ్చిన వాళ్ళలో బ్యాంకులో పనిచేసే రాజ్యం గారు, బళ్ళో లెక్కలు చెప్పే సుగుణ టీచరు గారు, ఇంకో ఇద్దరు ముగ్గురు సాయంత్రాలు డాబా మీదే ఉండిపోయేవారు. వాళ్ళు ఆడేవారు. గురువు లేడు, పాట లేదు. ఒక్కటే నియమం: ఒకసారి వేసిన అడుగుల వరస మళ్ళీ వెయ్యకూడదు.

ఒక శ్రావణ శుక్రవారం, కాళ్ళకు పసుపు రాసుకుని వచ్చిన రాజ్యం గారు, తీగ మీంచి జారిపడ్డ దుప్పటిని చూసుకోకుండా దాని మీదే గిరగిరా తిరిగేశారు. తిరిగాక చూస్తే తెల్లగుడ్డ మీద ఆవిడ ఆట మొత్తం ఉంది. అప్పటినుంచి అదే పద్ధతయింది. ఆటకు ముందు కాళ్ళకు తడిపసుపు, కింద పాత దుప్పటి. కొత్తది పరిచే ముందు పోయినసారి దుప్పటి విప్పి అందరూ చుట్టూ నిలబడి చూసేవారు. "ఇవి అయిపోయినై. ఇహ కొత్తవి చూసుకోండమ్మా," అనేది పిన్ని.

వేసవిలో బడి నుంచి వచ్చి పుస్తకాల సంచీ పడేసి పైకి పరిగెత్తేదాన్ని. డాబా మీద బిందెలతో నీళ్ళు చల్లితే సిమెంటు గుప్పున ఆవిరి కక్కేది, పక్కింట్లో కలుపుతున్న ఆవకాయ ఘాటు ముక్కుకు తగిలేది, పిన్ని జడలోని మల్లెలు అప్పుడప్పుడే విచ్చుకునేవి, ఆ మూడు వాసనల మధ్య కింద బోండాల బండివాడి కేక, దూరంగా రైలు కూత, ఎవరింట్లోనో కుక్కరు ఈల, ఏది వినబడితే దానికి వీళ్ళ కాళ్ళు కదిలేవి. దసరాకి ఊరంతా మైకులే కాబట్టి వీళ్ళకు పండగే పండగ. అట్లతద్దినాడు అట్లు తిని బరువెక్కి అందరూ నెమ్మదిగా, ఏనుగుల్లా ఆడేవారు.

పక్క డాబా మీంచి ఒక బాబాయి గారు రోజూ చూస్తూ రోజూ విసుక్కునేవారు.

"ఇదేం డాన్సమ్మా? తాళం లేదూ, పాడూ లేదు!"

"మీ ఇంట్లో కుక్కరు కూస్తోందిగా బాబాయి గారూ, అదే తాళం. పిన్ని గారితో ఇంకో రెండు విజిల్స్ రానివ్వమని చెప్పండి," అనేది మా వనజ పిన్ని.

నేను ఆడేదాన్ని కాదు. నలుగురు చూస్తే నా కాళ్ళు నావి కాకుండా పోయేవి. నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చునేదాన్ని. అది చూసి పిన్ని నాకో చెరగని సిరా పెన్ను ఇచ్చి, దుప్పటి మూల ఏదో ఒకటి రాయమంది. 'వాన ఆగింది. ఉప్మా. రాజ్యం గారు జారిపడ్డారు, పడటం కూడా ఆటలో కలిపేశారు.' అలా రాసేదాన్ని. ఇవాళ్టికీ రోజూ డైరీ రాస్తానంటే ఆ పెన్ను పెట్టిన అలవాటే.

దుప్పట్లు తరిగిపోతున్నాయని ముందు కనిపెట్టింది అమ్మమ్మ.

"ఏమేవ్ వనజా, రేపు చుట్టాలొస్తే ఏం పరవనే? మీ నాట్యం పరవనా?"

అని, ఒక పొద్దున్నే చేతికందిన దుప్పటిని బండ మీద వేసి సబ్బు పెట్టి రుద్దింది. పసుపు సంగతి తెలిసిందేగా, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. అమ్మమ్మ రుద్దినకొద్దీ ఒక్కొక్క పాదమే నెత్తురు రంగులో పైకి లేచింది. "ఓయమ్మో, ఇదేం ఖర్మే!" అని బెదిరిపోయి అమ్మమ్మ ఇంకా గట్టిగా రుద్దింది. ఇంకా ఎర్రబడ్డాయి. పిన్ని నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూలబడింది. కానీ ఆ గుడ్డని మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో ఆరేసేసరికి ఎండ మాత్రం ఊరుకోలేదు. ఎరుపు పోయింది, పసుపూ వెలిసిపోయింది, రెండు మూడు మడమలు మిగిలాయి. నేను అన్నం తినకుండా ఏడ్చాను. సాయంత్రం అమ్మమ్మ తన ఇనప్పెట్టె ఖాళీ చేసి, అడుగున వేపాకు పరిచి, "ఎండ తగలనివ్వకండి మరి," అని మాత్రం అంది.

తరవాత రాజ్యం గారికి బదిలీ అయింది, సుగుణ టీచరు గారు పోయారు, పిన్ని మోకాళ్ళు అరిగి చల్లపల్లిలో ఉంటోంది. పెట్టె సంగతి ఫోన్‌లో చెబితే, "ఎవరడిగితే వాళ్ళకిచ్చెయ్యవే. నీ అద్దెగదిలో మంచమే పట్టి చావదు, పెట్టెక్కడ పెడతావ్?" అంది.

అడిగినవారు వచ్చారు. కళలను భద్రపరిచే ఒక సంస్థ నుంచి ఒకతను, మర్యాదస్తుడు, చెప్పులు బయటే విప్పి వచ్చి దుప్పట్లన్నీ చూసి సంబరపడ్డాడు.

"అద్భుతం మేడమ్. ఈ అడుగుల్ని బట్టి మా పిల్లలకి ఐటమ్ నేర్పించేస్తామండీ. స్టేజీ మీద యాభైమంది ఒకేలా వేస్తే అదిరిపోద్ది."

అంటూనే అమ్మమ్మ ఉతికిన దుప్పటి విప్పి, అటూ ఇటూ తిప్పి, "ఇది ఖాళీ అండీ, ఇదక్కర్లేదు," అని గుమ్మం పక్కకి పడేశాడు.

ఆటో ఆపమనడానికి కూడా గొంతు పెగలని మనిషిని నేను. చుట్టాలొస్తే వంటింట్లోకి పారిపోతాను.

"ఇవ్వనండీ," అన్నాను.

"అదొక్కటేగా, ఉంచుకోండి మేడమ్."

"ఏదీ ఇవ్వను."

"నేర్పడానికి కాకపోతే ఇన్నాళ్ళూ ఎందుకు దాచినట్టండీ?"

"ఈ అడుగులు మళ్ళీ ఎవరూ వెయ్యకుండా ఉండటానికండీ. ఇవి అయిపోయినై. మీ పిల్లల్ని కొత్తవి చూసుకోమనండి."

అని, గుమ్మం పక్కన పడున్న దుప్పటి తీసి మడతపెట్టాను.

ఇప్పుడు పెట్టె నా గదిలో ఉంది. మంచం అమ్మేశాను, చాప చాలు. ఆ డాబా ఉండదు, బాబాయి గారి ఇంటి కుక్కరు ఇప్పుడు ఏ ఇంట్లో కూస్తోందో తెలియదు, బోండాల బండివాడు కేక మానేసి రికార్డు చేసిన గొంతు పెట్టుకుని తిరుగుతున్నాడు. గుమ్మం దగ్గర పడేసిన దుప్పటిని అన్నిటికంటే పైన పెట్టాను. ఆనాడు మిగిలిన మడమలు కూడా వెలిసిపోయి, ఎంత వెతికినా దాని మీద ఒక్క పాదం కనిపించదు. మూల మాత్రం, ఆ సాయంత్రం పెట్టెలో పెట్టేముందు రాసిన నా ఎనిమిదేళ్ళ అక్షరాలు నల్లగా, వంకరగా, అలాగే ఉన్నాయి.

'అమ్మమ్మ ఉతికింది. పోలేదు.'